ఊపితే కాని బాబిన్ కేసు

మా చిన్నమావయ్యకి ఒకటే పిచ్చి. ఏ వస్తువు కనపడినా "దీన్ని చేసినవాడెవడు?" అని అడగనిదే ఊరుకునేవాడు కాదు. ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, "ముందు ఈ వరస పేర్చినవాడెవడో చెప్పండి" అన్నాడు. ఆ తరవాత మావయ్య ఎదురుపడితే ఆ డాక్టరే నోరు మూసుకునేవాడు.

మావయ్యది కుట్టుమిషన్ల రిపేరు కొట్టు. అందులో ఓ మూల కూర్చుని నేను కాజాలు కుట్టేదాన్ని. పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, మావయ్య ఓ రేకు డబ్బా చేతికి తీసుకునేవాడు. అందులో నాలుగే ముక్కలు: సూది కింద అమరే చిన్న గిన్నె లాంటి బాబిన్ కేసు, దాని స్ప్రింగు, దాన్ని బిగించే నలకంత స్క్రూ, దారం చుట్టే బాబిన్. డబ్బాని పదిసార్లు గలగలా ఊపి, మూత తీసి చూసి, "ఇవాళా కాలేదు!" అని వీధంతా వినపడేలా చాటేవాడు.

ఆ చాటింపు ఎదురింటి సైన్సు మేష్టారి కోసం. ఆయన చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చేసేవారు.

"నాలుగు ముక్కలే జత కుదరలేదు మేష్టారూ! కన్ను లాంటి మిషను దానంతటదే అయిందంటారా?"

"నీ డబ్బా పిల్లల్ని పెడుతుందటయ్యా? ప్రాణి పెడుతుంది. తరానికింత తేడా. పనికొచ్చిన తేడా నిలుస్తుంది, పనికిరానిది పోతుంది. అలా కోట్ల ఏళ్లు, మెట్టు మెట్టుగా. ఊపడం కాదది!"

"సగం మెట్టులో ఉన్న కన్నుతో ఏం చూస్తారు? సగం సూదితో నేను కుట్టగలనా?"

"కళ్లజోడు తీస్తే నీకు కనపడేది సగమే. అయినా వెళ్లి గోడని గుద్దుకోవడం లేదుగా? గుడ్డికన్నా సగం నయం!"

"ఆ కళ్లజోడు చేసినవాడెవడు?"

మేష్టారు జుట్టు పీక్కునేవారు. ఎదురింటి గుమ్మంలోంచి ఆయన భార్య కేకేసేది: "సృష్టి అయిపోయాక వచ్చి టీ తాగండి, ఇద్దరూ!"

ఇరవై ఏళ్లు ఇదే వరస. తరవాత ఓ ఏడు మేష్టారి భార్య పోయింది.

మేష్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గోడకేసి చూడటం మొదలుపెట్టారు. "నెల్లాళ్లయింది బాబాయ్, నాన్న నోట ఒక్క మాట లేదు. ముద్ద కూడా మేం బతిమాలితేనే" అంది మేష్టారి కూతురు మావయ్యతో.

మావయ్య రోజూ డబ్బా పట్టుకుని ఆ గదికే వెళ్లి ఊపడం మొదలుపెట్టాడు. "ఇవాళా కాలేదు మేష్టారూ." మేష్టారు తల తిప్పేవారు కాదు. ఆయన నోట ఒక్క తిట్టయినా రావాలని నేను దేవుడికి మొక్కుకున్నాను.

ఓ మధ్యాహ్నం మావయ్య నాలుక బయటపెట్టి, సన్న స్క్రూడ్రైవరుతో ఏదో బిగిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

"ఓడిపోతున్నానమ్మా" అన్నాడు.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. డబ్బా ఊపితే గలగల లేదు, టకటకమని ఒకటే చప్పుడు. మావయ్య మూత తీసి, "మేష్టారూ! దానంతటదే బిగుసుకుంది! మీదే గెలుపు!" అని కేకపెట్టాడు.

మేష్టారు మెల్లగా చెయ్యి చాచారు. బాబిన్ కేసుని వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఎవరి చెవిలో పువ్వు పెడతావయ్యా!" గొంతు బొంగురుపోయింది గానీ కోపం మాత్రం పాతదే. "స్క్రూ మీద కొత్త గీత! పైగా నీ మిషను నూనె వాసన! దారం కూడా చుట్టిపెట్టావు! ఇది ఊపితే అయ్యింది కాదు. ఎవడో పనిగట్టుకుని కూర్చుని బిగించాడు!"

"అయితే చేసినవాడు ఒకడున్నాడంటారు?"

నవ్వుతో మేష్టారి భుజాలు కదిలాయి. ఆ నవ్వు దగ్గుగా మారేదాకా ఆగలేదు.

"కూర్చో. నీకు మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. డబ్బా వేరు, ప్రాణి వేరు..."

వంటింట్లోంచి కూతురు, కళ్లు తుడుచుకుంటూ కాబోలు, కేకేసింది: "సృష్టి అయిపోయాక టీ తాగండి, ఇద్దరూ!"

"ఇప్పుడే ఇచ్చెయ్యమ్మా" అన్నారు మేష్టారు. "వీడితో ఇది ఇవాళ తేలేది కాదు."

మర్నాడు పొద్దున్న మావయ్య ముక్కలన్నీ విప్పి, డబ్బాలో పోసి, ఊపడం మొదలుపెట్టాడు. నాలుగో ఊపుకే ఎదురింటి తలుపు తెరుచుకుంది.