చంద్రరావు గేరు సైకిలు

చంద్రరావుకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మొండితనం మాత్రం రెండు కాళ్ళకీ సరిపడా ఉండేది. ఆత్రేయపురం దగ్గర ఏటిగట్టుకు అవతల, గోదావరి లంకలో అతని అరటితోట. ఊరి దారంతా చదును కాబట్టి కుడికాలి బలంతోనే సైకిలు తొక్కేసేవాడు. గట్టు ఏటవాలు దగ్గర మాత్రం అతని ఆటలు సాగేవి కావు. కర్ర ఊతంతో నడిచే మనిషి సైకిలు నెట్టుకుంటూ ఎక్కలేడు. అందుకని భార్య సూర్యకళ అక్కడిదాకా క్యారియరు మీద కూర్చుని వచ్చి, దిగి, అతను తొక్కుతుంటే వెనకనుంచి నెట్టేది. పెళ్ళయిన నాటినుంచీ అదే వరస.

రెండువేల మూడులో సూర్యకళ గుండె కవాటం పాడైందనీ, శ్రమ పడకూడదనీ రాజమండ్రి డాక్టరు చెప్పాడు. తోట కౌలుకిచ్చెయ్యమని అయినవాళ్ళు పోరారు. చంద్రరావు వింటేగా! తానొక్కడే గట్టెక్కగలిగితే ఆవిడ ఇంటిపట్టున ఉంటుందని తన పాత సైకిలుకి గేర్లు పెట్టించే పనిలో పడ్డాడు.

రాజమండ్రి సైకిళ్ళ కొట్టాయన రెండు క్యాసెట్లు ముందు పెట్టాడు. పాటల క్యాసెట్లు కావు, వెనక చక్రానికి దొంతరగా అమరే పళ్ళచక్రాలు. ఒకదాన్లో అన్నీ చిన్నవే. రెండోదాన్లో చివరి చక్రం కాఫీ సాసరంత ఉంది.

“పెద్దది కొండలెక్కేవాళ్ళకండి. మన పల్లపు ఊళ్ళల్లో దీంతో పనేముంటుందండి?” అన్నాడు కొట్టాయన.

“నేను గట్టెక్కాలండి,” అని చంద్రరావు పెద్దదే తెచ్చుకున్నాడు.

తీరా ఊళ్ళో సైకిలు షాపు భీమరాజు దగ్గర పెట్టి చూస్తే అది పాత చక్రానికి పట్టలేదు.

“మీ చక్రం నడిమి హబ్బుకి మరలున్నాయండి, ఫ్రీవీలు తిప్పి బిగించడానికి. ఇదేమో నిలువు గాడులున్న హబ్బు మీదకి జారాలి. హబ్బు సంగతి చూడకుండా ఎలా కొన్నారండి బాబూ?” అన్నాడు భీమరాజు.

చంద్రరావుకి తల కొట్టేసినట్టయింది. సరైన హబ్బు మద్రాసు నుంచి రావాలన్నారు. అది వచ్చేసరికి చలికాలం దిగింది. అన్నాళ్ళూ సూర్యకళ నెడుతూనే ఉంది. “ఆయాసంగా ఉందా?” అని అతను ముందునుంచి అడిగితే, “ఏం లేదండి, మీరు తొక్కండి,” అనేది వెనకనుంచి. అతను నమ్మేవాడు. అలా నమ్మడం అతనికి సుఖంగా ఉండేది మరి.

భీమరాజు కొత్త హబ్బుతో చక్రం అల్లి, వెనక ఫోర్కు కాస్త ఎడం చేసి, గేరు మీటతో సహా బిగించాడు. మర్నాడు గట్టు దగ్గర సూర్యకళ అలవాటుగా చెయ్యి వెయ్యబోతే చంద్రరావు వద్దన్నాడు. మీట నొక్కాడు. చైను పెద్ద చక్రం మీదకి ఎక్కింది. సైకిలు నత్తనడకన, ఎక్కడా ఆగకుండా గట్టు మీదకి చేరింది. కుడికాలు నేలకానించి, సంబరం పట్టలేక వెనక్కి తిరిగాడు.

సూర్యకళ వట్టి చేతులతో ఎక్కి వస్తోంది. నాలుగడుగులకోసారి ఆగుతోంది. గుండెల మీద చెయ్యి అదుముకుని, నోరు తెరిచి గాలి అందుకుంటోంది. ఇన్నేళ్ళలో ఆవిడ గట్టెక్కడం అతను చూడడం అదే మొదలు. అతను చూస్తున్నాడని తెలియగానే ఆవిడ చెయ్యి దించేసి నవ్వబోయింది. చంద్రరావుకి తనమీద తనకే అసహ్యం వేసింది.

“వట్టి చేతులతోనే ఇంత కష్టంగా ఉంటే, ఇన్నాళ్ళూ నన్నెలా నెట్టావే?” అన్నాడు.

సూర్యకళ గట్టు మీదకి చేరి ఊపిరి కూడదీసుకుంది.

“మీరు వెనక్కి చూడరని ధైర్యమండి.”