చెవి వెనక చుక్క

మొన్న అనంతపురంలో డాక్టరు మా పాప బాగున్న చెవిని కొయ్యబోయినాడు. ఆయన్ను తిట్టకండి. కారణం నేనే.

మా పాప సింధుది డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటినుంచీ కుడి చెవిలో చీము. కర్ణభేరికి చిల్లు పడింది, అతికించాలన్నారు. దానికి సరిగ్గా వినిపించేది ఎడమ చెవి ఒక్కటే.

తొలి బస్సుకే బెళుగుప్ప నుంచి వచ్చి చేరినాము. నర్సమ్మ వచ్చి పాప కుడి చెవి వెనక నల్ల పెన్నుతో చుక్క పెట్టి పోయింది. నర్సమ్మ చిన్న పిల్లయినా దిష్టి సంగతి తెలుసే అనుకున్నాను. కానీ ఒక పక్కే పెట్టింది. పని సగంలో వదిలేస్తే నాకు ఊపిరాడదు. బ్యాగులో కాటుక ఉండనే ఉంది. ఎడమ చెవి వెనక నేనొకటి పెట్టినాను. ఆమెదాని కంటే గుండ్రంగా వచ్చింది.

లోపలికి తీసుకుపోయిన కాసేపటికే డాక్టరు బయటికి వచ్చినాడు.

"ఏమమ్మా, రెండు పక్కలా చుక్క ఉండాదే. ఎవురు పెట్టినారు?"

"ఒకటి మీ నర్సమ్మ సార్."

"రెండోది?"

నేను ఫ్యాను వైపు చూసినాను.

"పాపనే అడగకపోయినారా సార్?"

"అడిగినామమ్మా. కుడి చెవా అంటే ఊ అనింది. ఎడమ చెవా అన్నా ఊ అనింది. మాస్కులోంచి మా మాట ఆ పాపకు యాడ వినబడతాది?"

"కుడిదే సార్, కుడిదే" అన్నాను, నా ఎడమ చెవి పట్టుకుని.

"నువ్వు కూర్చోమ్మా తల్లీ" అన్నాడు.

స్కాను, కాగితాలు అన్నీ మళ్లీ చూసుకుని కుడి చెవికే చేసినారు. పాప బాగుంది.

మర్నాడు ఆస్పత్రిలో క్వాలిటీ చూసే మేడం నన్ను పిలిపించింది. తిట్లకు సిద్ధపడే పోయినాను.

"తప్పు మీది కాదమ్మా, సిస్టమ్‌ది. చుక్క ఎందుకు పెట్టామో మేం మీకు చెప్పలేదు. ఇకమీదట చుక్క కాదు, బాణం గుర్తు వేస్తాం."

ఇరవై రెండేళ్ల సంసారంలో నాతో ఈ మాట ఎవరూ అనలే. కళ్లలో నీళ్లు తిరిగినాయి.

"పొరపాటు ఒక్కరి వల్ల జరగదమ్మా. చిన్న చిన్న సందులన్నీ ఒక వరసలోకి వస్తే జరుగుతుంది. ఇంకేమైనా సందులుంటే చెప్పండి, భయపడకండి" అని పెన్ను తీసింది.

అంత మర్యాదగా అడిగితే దాచబుద్ధి కాలే.

"ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారు కదా మేడం. మేము మాట తప్పలే. బస్సెక్కే ముందు తీర్థం ఒకటే ఇచ్చినా."

"తీర్థమా? ఒక చెంచాడు ఉంటుందా?"

"చెంబు. ఎండలట్లుండాయి మేడం."

ఆమె పెన్ను కింద పెట్టింది. సిస్టమ్‌ను వదిలేసి, మొదటిసారి నన్ను చూసింది.