అవ్వ కంచెకు అనుమతి

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి మా నాయనే పెద్ద మనిషని నమ్మేదాన్ని. అలా నమ్మేలా ఆయన నడిచేవాడు కూడా. పాకాల నుంచి బస్సులో అరగంట దూరంలో ఉన్న చిన్న పట్నం మాది. ఇల్లు కట్టినా, గోడ లేపినా, ఆఖరికి పెరటికి కంచె వేసినా మునిసిపల్ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాల మీద సంతకం పెట్టే ఓవర్సీరు మా నాయన. జీతం కొంచెం, దర్పం చాలా. ఆదివారం ఇంట్లో ఉన్నా చొక్కా జేబుకు రెండు పెన్నులు పెట్టుకునేవాడు.

మా పక్కింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఇంటిముందు స్థలంలో మల్లె, కనకాంబరం పెంచి, మాలలు కట్టి తెల్లవారుజాము బస్సుకు తిరుపతికి పంపేది. అదే ఆమె బతుకు. వీధిలో తిరిగే ఆవులూ మేకలూ పడి మొక్కలు మేసేస్తుంటే, దారి వైపు కొయ్యలు నాటి ముళ్ళతీగ కట్టుకుంది. వారం తిరక్కుండా మా నాయన నోటీసు పంపాడు. అనుమతి లేని కంచె, పీకెయ్యమని.

అవ్వ అర్జీ పెట్టింది. వేలిముద్ర అలుక్కుపోయిందని తిప్పి పంపాడు. రెండోసారి పటం లేదన్నాడు. ఆమె అడిగితే ఆ పటం నేనే గీసిచ్చాను. గీతల కాగితం మీద గీశారని దాన్నీ తిప్పి పంపాడు. ఆరోజు అన్నం తింటూ అమ్మతో ఆ సంగతి చెప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు కానీ, ఎందుకు నచ్చలేదో అప్పటికి తెలియలేదు.

ఎదురుగా బియ్యం మిల్లు యజమాని కొత్త మేడ కట్టి, చుట్టూ ఎత్తైన గోడ లేపాడు. దానికి ఏ నోటీసూ రాలేదు. ఆ ఏడాది మా ఇంట్లో బియ్యం కొనలేదు కూడా.

చివరికి అవ్వ మా ఇంటికొచ్చి, "సామీ, కంచె యాడ నాటాల్నో మీరే వచ్చి కొలిచి సూపించండి. అట్లే నాటుకుంటా" అని బతిమాలింది. బతిమాలించుకోవడం మా నాయనకు పాయసం లాంటిది. ఆదివారం పొద్దున వస్తానన్నాడు. వీధి కొళాయికి నీళ్ళొచ్చే వేళ అది. బిందెలతో ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు. అంతమంది ముందు కొలత పెట్టడం ఆయనకు ఇంకా ఇష్టం.

దారి మధ్యలో ఆఫీసువాళ్ళు పాతిన రాయి ఒకటుంది. అక్కణ్ణుంచి ఇరువైపులా పదేసి అడుగులు వదలాలని నియమం. మా నాయన టేపు కొస పట్టుకుని రాయి దగ్గర ఉత్సవ విగ్రహంలా నిలబడ్డాడు. టేపు చుట్టి ఉండే డబ్బా పట్టుకుని కంచె దాకా పరిగెత్తి అంకె చెప్పడం నా పని.

"తొమ్మిదిన్నర, నాయనా!"

"అర్ధ అడుగు ముందుకొచ్చినావు. కొయ్యలు పీకాల్సిందే" అన్నాడు, అందరికీ వినపడేలా.

అవ్వ తలూపింది. "అట్లే పీకేస్తా సామీ. నాకు కొలతలు తెలీవు. మిల్లాయన గోడకు మీరే గదా కొలత పెట్టింది. అది గూడా ఒకసారి సూపిస్తే, దాన్ని జూసి నేర్చుకుంటా."

కొళాయి దగ్గరున్నవాళ్ళంతా బిందెలు దించి ఇటు తిరిగారు. మా నాయన ఏదో అనబోయేలోపే నేను అలవాటుగా టేపు లాక్కుంటూ అవతలి గోడ దగ్గరికి పరిగెత్తాను.

"ఏడు, నాయనా!"

"సరిగ్గా జూడు. పది."

మళ్ళీ చూశాను. "ఏడే నాయనా."

ఎవరో ఫక్కున నవ్వారు. మా నాయన మొహం నల్లబడింది. "టేపు పాతది. సాగిపోయుండాది" అన్నాడు.

"ఆ పక్కనే సాగిందా సామీ?" అంది అవ్వ, అంతే వినయంగా.

ఆయన నా చేతిలో డబ్బా లాక్కుని, టేపు గబగబా చుట్టేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళాక నన్ను కొట్టాడు. దెబ్బలు మర్చిపోయాను. "పది అని చెప్తే నీ సొమ్మేం పోయింటాది?" అన్న మాట మర్చిపోలేదు. వీధంతటికీ పెద్దమనిషిగా కనిపించినవాడు, ఆ ఒక్క మాటతో నా కళ్ళముందే కుంచించుకుపోయాడు.

మూడో రోజుకు అవ్వకు అనుమతి కాగితం వచ్చింది. కొయ్యలు నాటినచోటే ఉన్నాయి. మిల్లాయన గోడ మాత్రం ఎవరూ ముట్టలేదు. ఇప్పటికీ ఉంది.

"నేను తప్పు చేసినానా అవ్వా?" అని అడిగాను.

"తప్పు నాది పాపా. పసిబిడ్డను అడ్డం పెట్టుకుంటి" అని నా వీపు నిమిరింది. "అయినా నువ్వు మీ నాయన మొగం జూడలా. అంకెను జూసినావు. పెద్దోళ్ళకే చేతగాదు ఆ పని" అంది.

మా నాయన పోయినప్పుడు మిల్లాయన కొడుకులు పెద్ద దండ తెచ్చారు. ధర్మాత్ముడన్నారు.

ముప్పై ఏళ్ళు బడిపంతులమ్మగా పిల్లలకు మార్కులు వేశాను. ఒక్క అంకె దిద్దమని, తీయగా అడిగినవాళ్ళున్నారు, బెదిరించినవాళ్ళున్నారు. దిద్దలేదు. నాలో గొప్ప నీతి ఉండి కాదు. పెన్ను ఎత్తినప్పుడల్లా, దిద్దితే నేనూ మా నాయనలా కనిపిస్తానన్న రోత. కోపం ఎప్పుడో చల్లారింది. ఆ రోత ఇంకా ఉంది, ఉండనీ.