ఒకే బంతిలో ఎలుకలు

మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ కాఫీ తాగేవారు కాదు. ఎలుకల వాసనట. ఉండేది మరి, కాదనను. నరసరావుపేటలో నేను అద్దెకున్న రెండు గదుల్లో ఒకటి పన్నెండు తెల్ల ఎలుకలదే. ఎనభైల్లో అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతూ డాక్టరేటు కోసం, మూత్రపిండాల జబ్బులకు వాడే కొండపిండి ఆకు మీద పరిశోధన చేసేవాణ్ణి. వేసవి సెలవులకు ల్యాబుకు తాళం పడితే బోనులు ఇంటికి తెచ్చుకున్నాను.

రెండో గదిలో నేనూ మా అమ్మా. అమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయేది. గుంటూరు డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు. దాంతో అమ్మ ఈపూరు చేలగట్ల నుంచి కొండపిండి తెప్పించుకుని కషాయం తాగడం మొదలుపెట్టింది. అది నిజంగా పనిచేస్తుందా? డాక్టరేటు సంగతి దేవుడెరుగు, అమ్మ బతుకుతుందో లేదో నాకు తెలియాలి.

ఎలుకలన్నిటికీ ముందు ఒక మందుతో మూత్రపిండాలు దెబ్బతీశాను. తర్వాత ఆరింటికి సీసాల్లో కషాయం, ఆరింటికి ఉత్త నీళ్లు. ఆ తేడాలోనే జవాబుంది. ఇంతలో పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు పోవాల్సి వచ్చింది. ఏ బోనుకు ఏది పోయాలో అమ్మకు పదిసార్లు చెప్పి వెళ్లాను.

తిరిగొచ్చి రక్తం పరీక్ష చేయిస్తే పన్నెండూ ఒకేలా కోలుకున్నాయి!

"నీళ్ల బోనులకు ఏం పోశావమ్మా?"

"కషాయమే పోశాన్రా. ఒకే బంతిలో కూర్చోబెట్టి సగం మందికి వడ్డించి, సగం మందికి మంచినీళ్లిస్తారంట్రా ఎవరన్నా? అవి నా చేతికేసి చూస్తంటే చానా జాలేసింది."

"అంతా నాశనం చేశావు! నీకోసమే కదమ్మా నేను చచ్చేది!"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. బుద్ధిలేనివాణ్ణి. ఆమెకున్నవే కొద్ది రోజులు, అందులో రెండు నేనే పోగొట్టాను. మూడోరోజు గ్లాసు చేత్తో పట్టుకుని తనే అడిగింది.

"ఏందిరా, ఇంతకీ ఇది పనిచేస్తదా, చెయ్యదా?"

"చానా బాగా చేస్తదమ్మా. అన్నీ కోలుకున్నయ్యి."

"చూశావా! అన్నిటికీ పోశాను కాబట్టే" అని నవ్వి, చుక్క మిగలకుండా తాగింది.

వానలు పడకముందే పోయింది. ఎలుకలను ఆ ఆకే బాగుచేసిందో, వాటంతటవే కోలుకున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎలుకలను కాలేజీకి ఇచ్చేసి పరిశోధన మానుకున్నాను. గదులు రెండూ కడిగించాను. వాసన పోయింది, అయినా కాఫీకి ఎవరూ రాలేదు. కంచం ముందు కూర్చుంటే బంతిలో నేనొక్కడినే.