ఊరగాయ జాడీలో మల్లె

మొన్న ఆదివారం మా కోడలు బాల్కనీలో మల్లెతొట్టిని పక్కకు వాల్చి, అరచేత్తో తట్టి, మట్టిగడ్డతో సహా చెట్టును బయటికి లాగింది. నేను కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, అడిగినా అడగకపోయినా సలహాలు ఇస్తున్నాను. "అత్తయ్యా, అడుగున ఏదో పెంకు ఉంది, పారేసేదా?" అంది. అరచేయంత పెంకు. ఒకవైపు తేనెరంగు మెరుపు, ఇంకోవైపు పాలిపోయిన తెలుపు. "దాన్ని ముట్టొద్దు!" అని నేను అరిచిన అరుపుకు చిక్కుడుకాయలు ఒళ్లోంచి నేలమీద పడ్డాయి. కోడలు భయపడి చేయి వెనక్కి తీసుకుంది. ఇంత పెంకుకు ఇంత అరుపు ఎందుకో ఆ అమ్మాయికి ఏం తెలుసు? చెప్పాలంటే నన్ను తిరుత్తణి కొండ కిందికి కాపురానికి పంపించిన నాటి నుంచి మొదలుపెట్టాలి.

నేను తిరువళ్లూరు బజారులో అంగళ్లవాళ్ల మధ్య పెరిగిన దాన్ని. మా నాయనది చిల్లర అంగడి. బేరం ఆడకుండా కొన్న వస్తువు మా ఇంట్లో ఒంటికి పట్టదు. నా పెళ్లికి ముహూర్తం పెట్టిన అయ్యవారిని "ఇంకో మంచిరోజు కొసరు వెయ్యండి సామీ" అని అడిగిన వంశం మాది. అలాంటి ఇంటినుంచి డెబ్భైలలో తిరుత్తణిలో ఒక సేద్యగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చేటప్పుడు మా అమ్మ, అంగడి వెనక తాను పెంచిన గుండుమల్లె నుంచి వేరుతో ఒక పిలక తీసి, తడి గోనెపట్టలో చుట్టి నా ఒళ్లో పెట్టింది. అరక్కోణం రైలుబండిలో దారి పొడుగునా దాన్ని చంటిబిడ్డలాగా పట్టుకుని వచ్చాను. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ పై ఏడు మా అన్న అంగడి వెనక గోదాము కట్టినాడు. చెట్టు ఉన్న చోట ఉప్పుమూటలు దించారు. అప్పటినుంచి మా అమ్మ మల్లె అంటే, అత్తగారింట్లో నూనెడబ్బాలో ఉన్న నా చెట్టు ఒక్కటే.

నూనెడబ్బా తుప్పుపట్టి అడుగు ఊడింది. అప్పుడు నా కళ్లు వంటింటి మూలనున్న జాడీ మీద పడ్డాయి. అది మా అత్తది. పూండి పక్క పల్లెనుంచి ఆమె కాపురానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ మాగాయ నింపి పంపిన జాడీ. పొట్ట పెద్దది, మెడ సన్నం. అడుగున వెంట్రుకంత బీట పడి ఊట కారుతుంటే ఊరగాయ పెట్టడం మానేసింది, పారేయడానికి మాత్రం చేయి రాలేదు. ఇంక నేను ఊరుకుంటానా? చెల్లని సరుకును చెల్లించడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. "పగిలింది ఇంట్లో ఉంటే మంచిది కాదంటారు అత్తా. పూలచెట్టు పెడితే ఆ దోషం పోతుంది" అన్నాను. అట్లా ఎవరంటారో నాకూ తెలియదు, అప్పుడే పుట్టించాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "నీ బేరం నాకు తెలీదనుకున్నావా? తీసుకో పో. ఉప్పు తిన్న జాడీ అది, చెట్టును చంపుతాది. ముందు నీళ్లలో నానబెట్టు" అంది. రోజూ నీళ్లు మార్చాను. అత్త రోజూ వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఇంకా ఉంది" అనేది. ఒకరోజు ఏమీ అనలేదు. ఆ రోజు జాడీని పెరట్లోకి మార్చి చెట్టు నాటాను. వస్తువు ఊరికే వచ్చిందని నా సంబరం. సరుకు ఎట్లా పోయాలో చూసుకున్నాను గానీ, రేపు ఎట్లా తీయాలో ఆలోచించలేదు. అంగడివాళ్ల కూతురు చేయకూడని పొరపాటు అది.

కొన్నేళ్లు ఆ చెట్టు వీధి వీధికంతా వాసన పంచింది. ఎనభైలు వచ్చాక ఒక ఎండాకాలం మొగ్గలు బఠాణీల కంటే చిన్నవైపోయాయి. నీళ్లు పోస్తే మట్టిలోకి దిగకుండా మెడ దగ్గరే నిలిచేవి, లేకపోతే అంచు వెంట జారి బీటలోంచి గబగబా బయటికి వచ్చేసేవి. ఆకులు పండిపోయాయి. వంగి చూస్తే బీటలోంచి తెల్లటి వేళ్లు చీమల బారులాగా బయటికి వచ్చి ఉన్నాయి. "వేరుకు చోటు చాల్లేదు. తొట్టి మార్చాల" అంది అత్త. మార్చాలంటే రెండే దారులు. సన్న మెడలోంచి ఆ వేరుముద్ద రాదు కాబట్టి, జాడీని పగలగొట్టాలి, లేదా చెట్టును నరకాలి. ఆ మాట ఇద్దరం అనలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడే మారుద్దాం అత్తా" అన్నాను. "పూత మీదుండే చెట్టును కదిలిస్తే బాలింతను ఎద్దులబండి ఎక్కించినట్టే. ఐప్పసి వానలు పోనీ, పూత ఆగనీ. మార్గళి చలిలో అది నిద్రపోతాది. అప్పుడు ముట్టుకోవాల" అని ఆమె తేల్చేసింది. మార్గళి అంటే ధనుర్మాసం. అందాకా ఇది బతకాలి కదా? మరుసటి రోజు పొద్దున లేచి చూస్తే అత్త జాడీ పొట్టకు కొబ్బరితాడు బిగించి చుట్టి కట్టింది, మోకు కట్టిన ఎద్దు మాదిరి. ఓహో, తన జాడీ పగలకుండా కాపాడుకుంటోంది, చెట్టు చస్తే చావనీ అన్నమాట, అనుకున్నాను. ఆ రోజునుంచి మాకు మాటలు తగ్గాయి. "ఉప్పు కావాలా?" "చాలు." అంతే. ఒకరోజు అన్నం తింటూ మా ఆయన, పాపం, మధ్యవర్తి వేషం కట్టాడు: "ఎందుకు ఇద్దరూ మొహాలు ముడుచుకోనుండేది? సంతలో కొత్త చెట్టూ కొత్త తొట్టీ తెస్తా." ఆ ఒక్క క్షణం మాత్రం అత్తా నేనూ ఒకటయ్యాం. ఆయన మజ్జిగ పోసుకోకుండానే చేయి కడుక్కుని వెళ్లిపోయాడు.

వానలు పట్టాయి. తడికి తాడు బిగుసుకునేది, బీట సాగేది. జోరుగా వాన పడేటప్పుడు పెరట్లో "టిక్" మన్నా నేను ఉలిక్కిపడి వెళ్లి చూసేదాన్ని. అక్కడ నాకంటే ముందే అత్త నిలబడి ఉండేది, కొంగు నెత్తిన వేసుకుని. ఆమె జాడీని చూస్తోందని నేను, నేను చెట్టును చూస్తున్నానని ఆమె అనుకుని, ఇద్దరం తడిసి లోపలికి వచ్చేవాళ్లం. ఆకులు ఒక్కొక్కటే రాలాయి. నేను ఈలోగా కుమ్మరి దగ్గర బేరమాడి, ఎద్దు కుడితి తాగేంత తొట్టి తెచ్చాను. అదే ధరకు పెద్దది వస్తుంటే చిన్నది ఎవరు కొంటారు? అత్త దాన్ని చూసి, "ఇందులో చెట్టును పెడతావా, నువ్వు కూర్చుంటావా? ఇంత మట్టిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతాది. పాతదాని కన్నా ఒక జాన ఎక్కువుంటే చాలు, పోయి మార్చుకోని రా" అంది. మార్చుకున్నాను. నా జన్మలో పెద్దది ఇచ్చి చిన్నది తెచ్చుకున్న బేరం అదొక్కటే.

మార్గళిలో ఒక పొద్దున, మంచు ఇంకా పోలేదు, అత్త జాడీ ముందు కూర్చుని తాడు ముడి విప్పుతోంది. నాలో పొంగిన కోపమంతా ఎందుకో ఒక్కసారి వెనక్కి పోయింది. ముడి రాకపోతే పళ్లతో లాగుతోంది. నేనే ముందు నోరు తెరిచాను: "అత్తా, చెట్టును మెడ దగ్గర కోసేద్దాం. కొమ్మలు నాటి చూద్దాం."

"బతక్కపోతే?"

"నా రాత. జాడీ మీ అమ్మది కదా."

"చెట్టు మీ అమ్మది కాదా?"

"జాడీ మళ్లా దొరకదు."

"చెట్టు దొరకతాదా? ఏ అంగట్లో, చెప్పు? మీ నాయన అంగట్లోనా?"

ఎదుటివాళ్లు తగ్గిస్తుంటే ఎట్లా లాగాలో నాకు తెలుసు, ఎదుటివాళ్లు తమ సొంతం ఇచ్చేస్తామని పట్టుబడితే ఏం అనాలో మా బజారులో ఎవరూ నేర్పలేదు. "మరి తాడెందుకు కట్టినారు?" అన్నాను, చిన్నపిల్లలాగా. అత్త నన్ను వింతగా చూసింది. "పూత మీదుండంగా అది పగిలిపోతే వేరు ఎండకు పడి చెట్టు చచ్చిపోదూ? పగలాల్సిన నాటి దాకా పట్టుకోవాల గదా. ఎందుకనుకున్నావు?" నేను పక్కన కూర్చుని మిగతా ముడి విప్పాను.

జాడీ మీద గోనెపట్ట కప్పి, చిన్న సుత్తి నా చేతికిచ్చింది. "నా చేత్తో కాదు. నువ్వు కొట్టు" అని గోడవైపు తిరిగింది. కొట్టాను. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను, ఇంకా మెల్లగా. "బేరమాడతావేందే దాంతో? గట్టిగా కొట్టు!" అంది అత్త, అటే తిరిగి. కళ్లు మూసుకుని కొట్టాను.

గోనెపట్ట తీసేసరికి పెంకుల మధ్య ఇంకో జాడీ నిలబడి ఉంది. వేళ్లతో అల్లినది. అదే పొట్ట, అదే సన్న మెడ, కింద బీట పడినచోట సన్నటి గీత కూడా. అత్త వంగి దాన్ని రెండు చేతులా నిమిరింది. "మా అమ్మ జాడీ యాడికీ పోలేదు, సూడు" అంది. కాసేపటికి తానే కొడవలి తీసుకుని, చుట్టూ సుడి తిరిగిన పాత వేళ్లను చెక్కడం మొదలుపెట్టింది. ఆ రూపమంతా పోయేదాకా చెక్కింది. "ఇట్లా వదిలితే కొత్త మట్టిలో కూడా పాత చోట్లోనే తిరగతాది" అంది. నేను కొమ్మలు మూరెడు మూరెడు కత్తిరించాను. కొత్త తొట్టి అడుగు రంధ్రం మీద పెట్టడానికి ఆమె పెంకుల్లో వెతికి, కాస్త వంపు ఉన్నదాన్ని బోర్లించి పెట్టింది. నీళ్లు పోవాలి, మట్టి పోకూడదు. పైన ఎర్రమట్టి, మాగిన ఎరువు, ఇసుక.

తరువాత మిగిలినవి మోడు పుల్లలు. సంక్రాంతితో మొదలయ్యే తై నెల అంతా నీడన పెట్టి, ఇద్దరం వంతులేసుకుని చూశాం. బతకకపోతే జాడీ కూడా ఊరికే పోయినట్టే. నేను గోటితో పుల్ల గీరి పచ్చదనం ఉందా అని చూస్తే, "పసిబిడ్డ నిద్రపోతుంటే గిల్లతారా?" అని అత్త కసిరేది. నేను లేనప్పుడు ఆమె గీరిన గుర్తులు మాత్రం నాకు కనబడేవి. ఆ పై మాసి నెలలో, నేను బియ్యం కడిగిన నీళ్లు పోయడానికి వెళితే, తొట్టి మట్టికి జానెడు ఎత్తున ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చ. "అత్తా!" అన్నాను. ఆమె పొయ్యి మీది పాలు వదిలేసి వచ్చింది. పాలు పొంగి పోయాయి. ఇద్దరం తిట్టుకోలేదు.

"ఎటు పక్క పైకి పెట్టాలి అత్తయ్యా?" అంది మొన్న బాల్కనీలో మా కోడలు, తొట్లు ఎన్ని మారినా మా చెట్టు అడుగునే ఉన్న ఆ పెంకు పట్టుకుని. "వీపు పైకి, బోర్లా" అన్నాను. జాగ్రత్తగా పెట్టింది. తొట్టి మాత్రం పాతదానికన్నా రెండింతలున్నది కొన్నది, అదే ధరకు వచ్చిందట. దాన్ని మార్చుకుని రమ్మన్నాను. కాలంతో బేరమాడి గెలిచినవాళ్లు మా బజారులో కూడా ఎవరూ లేరు. చెల్లించాల్సిందంతా వసూలు చేసుకున్నాక, ఎప్పుడో ఒకసారి ఆ కాలమే అరచేయంత పెంకు కొసరు వేసి పోతుంది.