బిబియానె పెంచిన మంట

మంచు సముద్రం ఒడ్డునున్న మా పల్లెలో బిబియానెతో వాదనకు దిగి నెగ్గిన మనిషి లేడు. నెగ్గగలిగింది వాళ్ళమ్మ ఒక్కతే, ఆవిడ పోయింది. మొగుడూ పోయాడు. పిల్లలు లేరు. మిగిలిందల్లా వాళ్ళమ్మ వాడిన బలపపు రాతి దీపం. లోతు తక్కువ పళ్ళెంలా, సగం చందమామ ఆకారంలో ఉంటుంది. అందులో సీల్ అనే సముద్రజంతువు కొవ్వు కరుగుతుంటే నాచు వత్తి అంచు పొడవునా సన్నగా మండుతుంది. వెనకటివాళ్ళు ఆడదాని పనితనాన్ని ఆ మంట చూసే తేల్చేసేవారు. దీపం పొగచూరితే ఇల్లాలికి తలవంపులే.

ఓడల్లో విహారానికి వచ్చే జనానికి చూపించడానికి పురపాలక సంఘంవాళ్ళు పల్లె చివర పాతకాలపు మట్టిపెళ్ళల ఇల్లొకటి కట్టించారు. ఆ ఉత్సాహంలో బిబియానె తన దీపాన్ని సంఘానికి ఇచ్చేసింది. దాన్ని వెలిగించి కూర్చునే ఉద్యోగం వాళ్ళు ఆమెకిచ్చారు. చిక్కల్లా ఒకటే, ఆ ఇల్లు వెచ్చబడదు. వచ్చినవాళ్ళు కోటు విప్పకుండా, చేతులు నలుపుకుంటూ, "పాపం, మీ పెద్దవాళ్ళు ఇందులో ఎలా బతికారో!" అని జాలిపడి పోయేవారు. జాలి! బిబియానెకు ఒళ్ళు మండేది, ఇల్లు మాత్రం చల్లగానే ఉండేది.

చివరికి సంఘం తరఫున ఎనోక్ వచ్చాడు. మంచివాడే, మెత్తగానే చెప్పాడు.

"అక్కా, ఆదివారం పెద్ద ఓడ వస్తోంది. ఆ రోజు కూడా జనం వణికారంటే ఇక్కడ కరెంటు హీటర్ పెట్టించేస్తా. దీపాన్ని రాజధాని నూక్‌లో మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతారు. భద్రంగా ఉంటుంది."

"నన్ను కూడా ఆ పెట్టెలోనే పెట్టు నాయనా, భద్రంగా ఉంటాను" అంది బిబియానె.

అతను వెళ్ళాక ఆమె మంట పెంచింది. వత్తి లావు చేసింది, కొవ్వు ఎక్కువ వేసింది. పొగ కమ్ముకుంది. పొగ పోవడానికి కప్పులోని కిటికీ తీసింది. చలి దిగింది. మళ్ళీ మంట పెంచింది. కొవ్వు మంచిది కాదంది, నాచు తడిసిందంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. ఆ దీపం పెట్టెలోకి వెళ్తే తను చచ్చినట్టే అనుకుంది, ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పడవలో సెవెరీన దిగింది. బిబియానె చెల్లెలి మనవరాలు. మంచు అంచునున్న ఇసువా కొండల్లో రాళ్ళ పరిశోధకులతో పనిచేస్తోంది. బిబియానె తల్లి పోయిన ఏడాదే పుట్టింది కాబట్టి ఆవిడ పేరే పెట్టారు. పేరు పెడితే మనిషి తిరిగొచ్చినట్టే మాకు. అందుకని అరవై దాటిన బిబియానె ఆ పిల్లను అమ్మా అని పిలుస్తుంది. ఆ పిల్ల ఈవిడను దర్జాగా కూతురా అంటుంది.

"ఏమే కూతురా, ఇది ఇల్లా, చేపలకు పొగబెట్టే గుడిసెనా?"

"వచ్చావూ తిట్టడానికి? రా అమ్మా. మంట చాలడం లేదే, ఏం చెయ్యను!"

"ఇంకా పెంచు. మసికి నీ గెడ్డం కూడా నల్లబడుతుంది."

"నీ రాళ్ళ సంగతి చూసుకో ముందు. కొండను తవ్వి ఎలుకనైనా పట్టారా ఇంతకీ?"

"సముద్రాన్ని పట్టాం" అంది సెవెరీన, బూట్లు విప్పుతూ. "కరిగిన రాయి నీళ్ళలో పడి చల్లారితే దిండ్లలా గుండ్రంగా గడ్డకడుతుంది. అవి ఉన్నాయక్కడ. మూడు వందల డెబ్భై కోట్ల ఏళ్ళ నాటివి. అప్పటికి సూర్యుడి వెలుగు ఇప్పటికన్నా నాలుగోవంతు తక్కువ, తెలుసా?"

"చాల్లే. అంత తగ్గితే సముద్రం అడుగుదాకా మంచే. నీళ్ళెక్కడివి?"

"అందరూ బుర్ర బద్దలుకొట్టుకుంటోంది దానికే. మంట చిన్నదే, దుప్పటి మందం. అప్పటి గాలిలో బొగ్గుపులుసు వాయువు దండిగా ఉండేది. ఎండను లోపలికి రానిస్తుంది, నేల వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. తర్వాత కంటికి కనబడని జీవాలు పుట్టి, మీథేన్ వాయువు వదిలి, దుప్పటిని ఇంకాస్త మందం చేశాయంటారు. ఎండను తిప్పికొట్టే మబ్బులు తక్కువని ఒకరు, నల్లటి సముద్రం ఎక్కువ కాబట్టి ఎండను బాగా తాగిందని ఇంకొకరు. దేని వాటా ఎంతో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు."

"అంటే, ఆ జీవాలు వదిలిన ఊపిరే వాటికి దుప్పటి అయిందా?"

"కొంత. ఒక్కటుంటే అవదు, కోటానుకోట్లు ఉండాలి."

బిబియానెకు చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. అందులో పిల్లలు చొక్కా లేకుండా తిరిగేవాళ్ళు. అమ్మ మంట బొటనవేలి గోరంత ఎత్తు కూడా ఉండేది కాదు. మరి వెచ్చదనం? లోపల ఒకే అరుగు మీద తాతా, అమ్మమ్మా, ఇద్దరు మేనమామలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, ఆరబెట్టిన బూట్లు, ఉడుకుతున్న పులుసు. ఇన్నాళ్ళూ ఆమెకు దీపమే గుర్తుంది, జనం గుర్తులేరు.

ఇద్దరూ కలిసి మంట తగ్గించారు. పొగ పోవడానికి బెత్తెడు సందు వదిలి కిటికీ మూశారు. గోడల సందుల్లో పెళ్ళలు కూరారు. జనం వంగక్కర్లేకుండా వడ్రంగి ఎత్తుగా పెట్టిన ద్వారానికి సీల్ తోళ్ళు వేలాడదీశారు. శనివారానికి పొగ పోయింది. చలి సగమే పోయింది.

"మనమిద్దరమే కదే" అంది సెవెరీన.

"నీ పుట్టినరోజు ఎప్పుడయింది?"

"పోయిన నెల. కొండల్లో ఉన్నాను."

"అయితే రేపు చేస్తున్నాను" అని బిబియానె ఇల్లిల్లూ తిరిగి కాఫీకి పిలిచింది.

మాలో పుట్టినరోజు కాఫీ అంటే తలుపు తీసిపెట్టడమే. ఎవరైనా వస్తారు, కేకు తిని, కాఫీ తాగి, వెనకొచ్చేవాళ్ళకు చోటిచ్చి లేస్తారు. పాతుకుపోయి కూర్చోవడం మర్యాద కాదు. ఆ ఆదివారం లేవబోయిన ప్రతి మనిషినీ బిబియానె భుజం పట్టి కూలేసింది.

"కూర్చోరా! కేకు తిన్నవాడివి కాస్త ఊపిరి వదిలి పో!"

"ముసలిదానికి మతి పోయింది" అన్నారు నవ్వుతూ. కూర్చున్నారు. ఓడ జనం వచ్చి వాళ్ళ మధ్య ఇరుక్కున్నారు. కాసేపటికి కోట్లు ఊడాయి, తర్వాత స్వెటర్లు. ఎండు చేప చేతులు మారింది. చెమట తుడుచుకుంటూ ఎనోక్ ఒప్పుకున్నాడు. "నెగ్గావక్కా. దీపం ఇక్కడే ఉంటుంది."

ఓడ కూత పెట్టింది. ఓడ జనమూ, పల్లె జనమూ వెళ్ళిపోయారు. సెవెరీన గిన్నెలు కడగడానికి పోయింది. బిబియానె దీపం ముందు ఒక్కతే కూర్చుంది. మంట అంతే ఉంది. ఇల్లు మాత్రం మెల్లగా చల్లబడింది. ఆమె కదలకుండా కూర్చుని దాన్ని చూసింది. మొగుడు పోయినప్పటినుంచీ తన ఇంట్లోనూ ఇంతేనని, హీటర్ ఎంత పెంచినా చాలనిది ఇందుకేనని అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

తర్వాత బయటికొచ్చి ఎనోక్‌ను పిలిచింది.

"హీటర్ పెట్టుకో నాయనా. దీపం మాత్రం నాకిచ్చెయ్. ఇక్కడికి జనం వచ్చిన రోజున పట్టుకొస్తాను."

"అదేంటక్కా, నెగ్గి కూడా..."

"ఇస్తావా, ఇవ్వవా?"

ఎనోక్ ఇచ్చాడు. చెప్పాను కదా, ఆమెతో ఎవరూ నెగ్గరు. గిన్నెలు మోసుకొస్తున్న సెవెరీనకు బిబియానె ఎదురెళ్ళింది.

"ఈ పూట మా ఇంటికి భోజనానికి రా. నిన్ను తెచ్చిన పడవవాళ్ళను కూడా తీసుకురా. ఎంతమంది ఉంటే అంతమందినీ."

"ఎందుకే? ఇవాళ పల్లెంతా తిన్నది చాల్లేదా?"

"నాకు చలేస్తోందమ్మా" అంది బిబియానె.