నేనున్న గది ఖాళీ అట

హిందూపురంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేశాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. రోజూ పెనుకొండ నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చి, కిటికీ లేని నా గదిలో కూర్చుని, వచ్చిన ఫోన్లు ఎవరికి కావాలో వాళ్లకు కలిపేవాణ్ణి. మధ్యాహ్నాలు ఫోన్లు తక్కువ. అప్పుడు చెవులు రిక్కించుకుని కదలకుండా కూర్చునేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటాక, కరెంటు బిల్లు తగ్గించాలని ప్రతి గది పైకప్పుకూ చిన్న డబ్బా బిగించారు. మనిషి కదిలితే లైటు వెలుగుతుంది, కాసేపు కదలిక లేకపోతే ఆరిపోతుంది. ఏ గదిలో మనిషి ఉన్నదీ లేనిదీ ఆ డబ్బాలన్నీ ఒక కంప్యూటర్‌కు చెబుతాయట. బిగించిన ఇంజనీరు ధర్మవరం అబ్బాయి, నాకు ఓపిగ్గా వివరించాడు. లైటుతో నాకేం పని అని నేను పట్టించుకోలేదు.

నెల తిరక్కముందే మేనేజరు పిలిచాడు.

“మధ్యాహ్నం పూట యాడికి పోతాండావప్పా? నీ గదిలో ఎవరూ లేరని కంప్యూటర్ చెప్తాండాది. చూసినోళ్లు కూడా గది చీకటిగా ఉండాదనే అంటాండారు. ఖాళీ గదికి ఆపరేటర్ ఎందుకని పైవాళ్లు అడుగుతాండారు.”

నాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది, దాచుకోవడమెందుకు? ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది. అది పోతే నాకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

“నేను లేకపోతే నిన్న మధ్యాహ్నం మీ ఇంటి ఫోను మీకు కలిపిందెవరు సార్? ఆ డబ్బానా?” అన్నాను.

ఆయన వెంటనే ఇంజనీరును పిలిపించాడు. నన్ను ఎప్పటిలాగే కూర్చోమని, ఇద్దరూ గది బయట నిలబడ్డారు. కొంతసేపటికి ఆ అబ్బాయి గొంతు తగ్గించి, “ఆరిపోయింది సార్” అన్నాడు. నాతో, “అప్పుడప్పుడూ చెయ్యి ఊపుతా ఉండన్నా” అని సలహా కూడా ఇచ్చాడు.

“నాకు పనికిరాని లైటు కోసం పొద్దస్తమానం చేతులు ఊపల్నా?”

మేనేజరు నవ్వేశాడు. నా ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

మరునాడు ఆ డబ్బా ఊడబెరికి మామూలు స్విచ్చి పెట్టారు. పని అయ్యాక ఇంజనీరు అడిగాడు, “లైటు ఆపేసి పోదునా అన్నా? నీకెట్లాగూ అక్కర్లేదు గదా.”

“వెలుగుతానే ఉండనీ” అన్నాను. “నేను ఈడ ఉండానని కండ్లున్నోళ్లకు తెలియాల.”